లెక్కలో రాయని ఒక్కపొద్దులు

శ్రావణమాసంలో మొదటి శుక్రవారం పొద్దున నేను దీపం పెట్టి లేస్తుంటే, జనగామ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది.

"అమ్మా, మూడు నెలలు నిండినయే. ఇగ చెప్పొచ్చన్నది అత్తమ్మ."

పెళ్ళయిన ఐదేళ్ళకు విన్న మాట. నేను మళ్ళీ దేవుడి ముందు కూర్చున్నాను. ఏం మొక్కాలో తోచలేదు. అడగవలసింది ఆయన ముందే ఇచ్చేశాడు. చేతులు జోడించి ఊరికే కూర్చున్నాను. కాసేపటికి లేవబోతే బొడ్డు పక్కన సుళ్ళు తిరిగే నొప్పి వచ్చింది. అరచేత్తో అక్కడ అదుముకుని గోడ పట్టుకుని లేచాను. అప్పుడు గుర్తుకొచ్చింది, సంతోషానికి అడ్డంగా ఒకటి ఉందని.

నాకు హెర్నియా. పొట్ట కండ పలచబడి పేగు నిమ్మకాయంత ముందుకు వచ్చింది. నీళ్ళ బకెట్ ఎత్తినా, గట్టిగా దగ్గినా అది ఉబ్బుతుంది. భూపాలపల్లి పెద్ద దవాఖానలో డాక్టరు గారు ఉగాదికి ముందే చూసి చెప్పారు: "తొంభై రెండు కిలోలున్నావమ్మా. ఇప్పుడు కుట్లు వేస్తే నిలవవు. ఎనభైకి రా, నేనే ఆపరేషన్ చేస్తాను. చేసిన తర్వాత మూడు నెలలు ఏ బరువూ ఎత్తకూడదు."

మా అమ్మాయికి మాఘంలో కాన్పు. తొలి కాన్పు కాబట్టి పుట్టింటికే వస్తుంది. మాఘం నుంచి వెనక్కి మూడు నెలలు లెక్క పెట్టుకున్నాను. కార్తీకం మొదట్లోనే ఆపరేషన్ అయిపోవాలి. లేకపోతే పుట్టిన పసిగుడ్డును నా ఇంట్లో, నా కళ్ళ ముందు, ఇంకెవరో ఎత్తుకుంటే నేను కుర్చీలో కూర్చుని చూడాలి. నా బరువు ఎనభై నాలుగు. ఇంకా నాలుగు కిలోలే. కానీ ఆషాఢం మొదలైనప్పటి నుంచి కాంటా ఆ ఎనభై నాలుగు దగ్గరే ఆగిపోయింది. ఆరు గురువారాలు పోయి ఎక్కాను, ఆరుసార్లూ అదే అంకె.

అంతకు ముందు చక్కగానే తగ్గాను. ఉగాది నుంచి ఆషాఢం దాకా ఎనిమిది కిలోలు. దానికి కారణం దవాఖానలో బీపీ, షుగర్ చూసే నర్సమ్మ. మానుకోట వైపు, గూడూరు దగ్గరి తండా పిల్ల. మా అమ్మాయి కన్నా ఏడాది చిన్నదేమో. నన్ను పెద్దమ్మా అంటుంది. తిండిలో ఎంత సత్తువ ఉందో కొలిచే లెక్కను కాలరీ అంటారని, రోజుకు పద్నాలుగు వందలు దాటకుండా తినమని, తిన్నదల్లా నోట్‌బుక్కులో రాసుకొని ప్రతి గురువారం తెచ్చి చూపించమని చెప్పింది. రాయడం నాకు ఇష్టమైన పనే. నేను బడికి పోలేదు. బచ్చన్నపేట దగ్గర మా ఊళ్ళో తమ్ముళ్ళను చూసుకుంటూ ఇంట్లోనే ఉండిపోయాను. పత్తి చేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక మా బాపు, అంటే నాన్న, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించాడు, ఎక్కాలు అప్పచెప్పించుకున్నాడు. ఆ చదువుతోనే ఈనాటికీ వాడకట్టు ఆడవాళ్ళకు వ్రత కథలు చదివి వినిపిస్తున్నాను. బాపుకు నేను ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

సరే, కాంటా కదలలేదు. నేను ఇంకా తగ్గించాను. పొద్దున జావ, మధ్యాహ్నం ఒక గరిటెడు అన్నం, సాయంత్రం మజ్జిగ. మా అమ్మాయి ఫోన్ చేసిన ఐదో రోజు, పొయ్యి దగ్గర నిలబడి మా ఆయన టిఫిన్ డబ్బా మూత పెడుతుంటే కళ్ళు తిరిగాయి. డబ్బా జారి కింద పడింది. నేను కూడా అక్కడే కూలబడ్డాను.

మా ఆయన బొగ్గు గనిలో పని చేస్తాడు. ఇక్కడ గనిని బాయి అంటారు. రెండో షిఫ్టుకు తయారవుతున్నవాడు పరుగున వచ్చాడు.

"పొద్దటి సంది ఏం తిన్నవే?"

"జావ తాగిన."

"జావ తాగి మనిషి బతుకుతడా? నీ పథ్యం కూరలు తినుకుంట నేను నాలుగు కిలోలు తగ్గిన. బాయిల దోస్తులు పరేషాన్ అయితున్నరు, నీకేమన్న రోగమొచ్చిందా అని. నువ్వేమో గక్కడనే ఉన్నవ్. ఎవలకు జెయ్యాలె ఆపరేషన్? నాకా, నీకా?"

కింద కూర్చుని ఉన్నా నవ్వు ఆగలేదు నాకు. నవ్వితే పొట్టలో నొప్పి. "నవ్వియ్యకయ్యా, నొస్తది" అన్నాను. ఆయన ఆ రోజు షిఫ్టుకు పోలేదు. నన్ను స్కూటరు మీద కూర్చోబెట్టుకుని, గతుకు వచ్చిన ప్రతిచోటా బండి ఆపినంత పని చేస్తూ దవాఖానకు తీసుకుపోయాడు.

నర్సమ్మ నా బీపీ చూసింది. కోపంగానే చూసింది.

"పెద్దమ్మా, నిన్ను ఉపాసం సావుమని చెప్పిన్నా నేను? ఒళ్ళుకు దినాం గంతే గంతే పెడితే, గది గంతకే అలవాటు పడి కూసుంటదట. ఇంక తక్కువ పెడితే ఇంక ముడుసుకుంటది. ఒక పని జేద్దాం. వారం మొత్తం మీద లెక్క గదే ఉండాలె. కానీ దినాం ఒక్కతీరు వద్దు. రెండు దినాలు బాగ తక్కువ తిను. రెండు దినాలు కడుపు నిండ తిను. మిగిలిన దినాలు నడుమ తీరుగ."

"కడుపు నిండ తింటే తగ్గుతరా బిడ్డా?"

"అందరు డాక్టర్లు ఒక్క మాట చెప్తలేరు పెద్దమ్మా, నిజం చెప్తున్న. కొందరు పని జేస్తదంటరు, కొందరు ఒట్టిదే అంటరు. కానీ మా యాడిని చూసినంక నాకు నమ్మకమైంది." యాడి అంటే వాళ్ళ ఇంటి భాషలో అమ్మ. "మిరప తోట ఏరేటందుకు పోయిన దినం మా యాడి నాలుగు జొన్నరొట్టెలు తింటది. పని లేని దినం ఒకటి తిని ఊకుంటది. యాభై ఏండ్లున్నయ్, పుల్ల లెక్కనే ఉన్నది. నీకు కళ్ళు తిరుగుడు అన్న తగ్గుతది, జూద్దాం."

బయటకు వస్తూ మా ఆయన ఆ పిల్లకు చెయ్యెత్తి దండం పెట్టాడు. "కడుపు నిండ తినుమన్నవ్, నీ పుణ్యం బిడ్డా. నాకు గూడ ఇంత దొరుకుతది."

తక్కువ తినే రెండు రోజులు ఏవో నేను వెతుక్కోనక్కర్లేదు. నాకు శనివారం వెంకన్నకు ఒక్కపొద్దు, సోమవారం శివునికి ఒక్కపొద్దు. శనివారంది పెళ్ళికి ముందు నుంచీ ఉన్నది. సోమవారంది మాత్రం ఈ ఆషాఢంలోనే పట్టాను. మా అమ్మాయి కడుపు పండాలని, పండితే పిల్ల పుట్టేదాకా విడవనని మొక్కుకున్నాను. అప్పటికే అది నెల తప్పిందని నాకు తెలియదు. అన్నం ముట్టని ఆ రెండు రోజులూ తక్కువ రోజులు. ఆదివారం, బుధవారం నిండు రోజులు. దేవుడే దారి వేసి పెట్టాడని మురిసిపోయాను.

తినడమే కష్టమైంది. శ్రావణంలో మా ఇంట్లో నీసు ముట్టం. ఆదివారం నాడు మా ఆయన పీట వేసి కూర్చోబెట్టి, పప్పులో నెయ్యి వేసి, ఆలుగడ్డ వేపుడు పెట్టాడు. మొదటి ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. నాలుగు నెలలు నోరు కట్టుకున్నదాన్ని. ఈ ముద్ద వల్లే నేను ఆ పసిదాన్ని ఎత్తుకోలేకపోతే? తప్పు చేస్తున్నట్టు అటూ ఇటూ చూస్తూ తిన్నాను.

"దొంగతనం జేసినట్టు తింటవేందే? నర్సమ్మ రాసిచ్చిన మందే గిది" అన్నాడాయన.

రెండు వారాల తర్వాత కాంటా ఎక్కితే ఎనభై నాలుగు కిలోల ఆరు వందల గ్రాములు.

ఆరు వారాలు కదలని అంకె కదిలింది, అదీ పైకి. నాకు కన్నీళ్ళు వచ్చాయి. "ఆదివారం తినుడు బంద్ జేస్త బిడ్డా. గదే ముంచింది నన్ను" అన్నాను. నర్సమ్మ నా నోట్‌బుక్కు తీసుకుంది. అంతకు ముందు వారాల్లో పేజీ కింద కూడిన మొత్తం చూసి ఇచ్చేసేది. ఆ రోజు వరుస వరుస చదివింది.

"పెద్దమ్మా, ఆదివారం మంచిగనే రాసినవు. చెంచెడు నెయ్యి గూడ రాసినవు. పద్దెనిమిది వందలు, నేను చెప్పినంతనే. గీ సోమవారం ఏది?"

సోమవారం కింద నేను 'ఒక్కపొద్దు' అని రాసి, పక్కన చిన్న బిల్వదళం బొమ్మ వేశాను. అంతే ఉంది.

"ఆ దినం ఏం తినలే బిడ్డా. ఒక్కపొద్దు."

"ఏం అంటే ఏం తినలేదా? నీళ్ళు తాగి ఉన్నవా?"

"అన్నం ముట్టలే. పలహారం తిన్న."

"ఏం పలహారం?"

చెప్పడం మొదలుపెట్టాను. పొద్దున సగ్గుబియ్యం ఉప్మా, రెండు ప్లేట్లు, పల్లీలు ఎక్కువ వేసి, నేతిలో. పదకొండింటికి చక్కెర వేసిన పాలు. మధ్యాహ్నం మూడు అరటిపండ్లు, పల్లీ పట్టీలు. సాయంత్రం మళ్ళీ పాలు. గుడికి పోయి వచ్చేటప్పుడు దొప్పలో పులిహోర, ఇంకో దొప్పలో చక్కెర పొంగలి. నేను ఒక్కొక్కటి చెబుతుంటే ఆ పిల్ల ఫోనులో అంకెలు కొడుతూ పోయింది. చివరికి ఫోను నా వైపు తిప్పింది. రెండు వేల రెండు వందలు.

"మొత్తం వారంల నీకు గీ ఒక్కపొద్దు దినమే అన్నింటికన్న పెద్ద దావత్ పెద్దమ్మా!"

అని పకపకా నవ్వింది. పక్కన బీపీ చూపించుకుంటున్న అవ్వ కూడా బోసినోటితో నవ్వింది. మళ్ళీ ఆ పిల్లే తేరుకుని అడిగింది, సోమవారం ఒక్కపొద్దు ఎప్పటి సంది పట్టినవని. ఆషాఢం సంది అన్నాను. కాంటా ఆగిపోయింది కూడా అప్పుడేనని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఇన్ని రోజులూ నేను తక్కువ అనుకున్నది ఎక్కువ, ఎక్కువ అనుకున్నది తక్కువ.

నేను నవ్వలేకపోయాను. ఆ పిల్ల నన్ను చూసి నవ్వితే నాకు బాధ లేదు. కానీ దేవుడి కోసం ఉన్నదాన్ని ఎవరో కాంటాలో వేసి తూచినట్టనిపించింది. నేను దాచి తిన్నది కాదు. అన్నం తింటేనే తిన్నట్టు, పలహారం తిన్నా ఉపవాసమే అని మా వాడకట్టులో అందరం అనుకుంటాం. ఇక ప్రసాదం సంగతి చెప్పేదేముంది? కళ్ళకద్దుకుని తీసుకున్నదానికి ఎదురుగా అంకె వేస్తారా ఎవరైనా?

ఇంటికి వచ్చాక మనసాగక బచ్చన్నపేటకు, మా అమ్మకు ఫోన్ చేశాను. అంతా విని మా అమ్మ నన్నే తిట్టింది.

"సగ్గుబియ్యమేంది బిడ్డా? మా కాలంల గవన్ని ఏడున్నయ్? ఒక్కపొద్దంటే పొద్దంత పని జేసి, పొద్దుగూకినంక తానం జేసి, జొన్న గట్క ఇంత, సల్ల ఇంత. గంతే. మీరు ఒక్కపొద్దని చెప్పి పది పొద్దులు తింటున్నరు. శివుడు గూడ నవ్వుతుండొచ్చు నిన్ను జూసి."

"నవ్వనియ్యే అవ్వా" అన్నాను మా అమ్మతో. అప్పుడు నవ్వు వచ్చింది నాకు.

ఆ వచ్చే సోమవారం నుంచి, శనివారాలు కూడా, మా అమ్మ చెప్పినట్టే ఉన్నాను. పొద్దుగూకేదాకా నిమ్మరసం, మజ్జిగ, ఒక జామపండు. సాయంత్రం జొన్న సంకటి లాంటి ఆ గట్క. మరీ నీరసం రాకుండా మధ్యలో గ్లాసెడు పాలు తాగమని నర్సమ్మ కలిపింది. ప్రసాదం విషయంలోనే రెండు రోజులు తర్జనభర్జన పడ్డాను. చివరికి నాకు తోచింది ఇది: దేవుడు ఇచ్చింది రాసుకోవడం తప్పెట్లా అవుతుంది? ఇచ్చింది మరిచిపోతే కదా తప్పు. అప్పటి నుంచి పేజీలో మొదటి వరుస ప్రసాదానికే పెట్టాను. చిటికెడు కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుని, మిగతాది పక్క క్వార్టర్ల పిల్లలకు పంచి, ఆ చిటికెడు రాసేదాన్ని. అట్లా రాస్తూ పోతే ఇంకొకటి తెలిసింది. పేజీ నిండా ఉన్నవన్నీ ఎవరో ఒకరు ఇచ్చినవే. పాలు పక్కింటి ఆమె పోసినవి. జొన్నలు మా అమ్మ పంపినవి. ఆలుగడ్డ మా ఆయన తొక్క తీసి వేయించినది. నా చేత్తో పుట్టింది ఒక్కటీ లేదు. అంకెల పక్కన వాళ్ళను కూడా రాయడం మొదలుపెట్టాను. ఇది చూసి నర్సమ్మ, "పెద్దమ్మా, గిది కాలరీల పుస్తకమా, దండకమా?" అన్నది.

వినాయక మండపం దగ్గర మాత్రం గొడవైంది. లడ్డూ మొత్తం తీసుకోనంటే మా వాడకట్టు వాళ్ళు ఊరుకోరు.

"ప్రసాదం వద్దంటే కండ్లు పోతయక్కా!"

"వద్దంటలేనే. చిటికెడు సాలంటున్న. కండ్లు రెండున్నయ్, చిటికెడుకు ఒకటన్న మిగులుతది."

భాద్రపదం సగానికి ఎనభై మూడు. వినాయకుణ్ణి నీళ్ళలో కలిపిన తర్వాత వచ్చిన ఆదివారం మా ఆయన నాటుకోడి తెచ్చి తానే వండాడు. జొన్నరొట్టె నేను కొట్టాను. ఆ రోజు అటూ ఇటూ చూడలేదు. ముందు దేవుణ్ణి తలచుకుని, తర్వాత కడుపు నిండా తిన్నాను. నేను తింటుంటే ఆయన తన గిన్నె మరిచి నా వైపే చూస్తున్నాడు. ఏందయ్యా అంటే, "ఏం లేదు. చానా దినాలాయె నువ్వు మంచిగ తినంగ చూసి" అన్నాడు. ఆ మాట నేను పుస్తకంలో రాయలేదు కానీ ఆ రోజు కడుపులో పడ్డవాటిలో అదే ఎక్కువ.

సద్దుల బతుకమ్మ రోజును నర్సమ్మే నిండు రోజు చేసి, ఆ వారం బుధవారాన్ని తగ్గించింది. చింతపండు పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, పల్లీల సద్ది, ఐదూ తిన్నాను. ఆడి వచ్చాను. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా, రెండు చుట్లే. ఆ గురువారం ఎనభై ఒకటిన్నర. వంకర టింకరగా, ఒక వారం ఆగుతూ, ఒక వారం దిగుతూ వచ్చింది. రోజులు మార్చి తినడం పని చేసిందో, ఒక్కపొద్దులు నిజంగా ఒక్కపొద్దులు కావడం పని చేసిందో నాకు తెలియదు. నర్సమ్మ కూడా తనకు తెలియదనే అన్నది. రెండూ ఆ పిల్ల చలవే.

కార్తీకంలో మొదటి గురువారం డాక్టరు గారి ముందే కాంటా ఎక్కాను. ఎనభై కిలోల మూడు వందల గ్రాములు. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, "ఎనభై అన్నాను కదమ్మా" అన్నారు. ఇంకో వారం ఆగితే ఆపరేషనూ వారం ఆలస్యమవుతుంది, నా మూడు నెలల లెక్క తప్పుతుంది.

పక్కనుంచి నర్సమ్మ అన్నది: "సార్, పుస్తెలు, గాజులు, మెట్టెలు తియ్యదు సార్ మా పెద్దమ్మ. గవన్ని తీసేస్తే ఎనభయ్యే."

డాక్టరు గారు ఆ పిల్లను చూశారు, నన్ను చూశారు, నవ్వి కాగితం మీద తేదీ వేశారు. ఆయన పిల్లాపాపలు చల్లగా ఉండాలి.

ఆపరేషన్ అయింది. నెల రోజులు ఏమీ ముట్టుకోనియ్యలేదు మా ఆయన. నీళ్ళు తెచ్చాడు, బట్టలు ఉతికాడు, బాయి నుంచి వచ్చిన ఒంటి మసి పూర్తిగా పోకముందే రొట్టె చేయబోయి పీట మీద పిండంతా నల్లగా చేశాడు. పుష్యమాసంలో జనగామ పోయి అమ్మాయిని తీసుకొచ్చాడు. నా ఆపరేషన్‌కు మూడు నెలలు నిండడానికి ఇంకా పది రోజులుండగానే దానికి నొప్పులు వచ్చాయి. ఆడపిల్ల. రెండు కిలోల ఏడు వందలు. నేను బిడ్డను తాకకుండా ముందు డాక్టరు గారి దగ్గరికి పోయి అడిగాను. ఆయన కుట్లు చూసి, దగ్గమన్నారు, మళ్ళీ దగ్గమన్నారు. "బియ్యం మూట వద్దు, నీళ్ళ బిందె వద్దు. మనవరాలిని ఎత్తుకో" అన్నారు.

ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున పెరట్లో ఎండ పొడలో వేడినీళ్ళ బకెట్ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. కాళ్ళు చాపాను. మా అమ్మాయి తువ్వాలలో చుట్టి తెచ్చి నా ముందు నిలబడింది. ఇవ్వాలా వద్దా అన్నట్టు చూస్తోంది.

"అమ్మా, నొస్తే చెప్పవే. నేను పట్టుకుంట."

నేను వంగి, రెండు చేతులూ చాచి, ఆ పిల్లను అందుకుని నా మోకాళ్ళ మీదికి తెచ్చుకున్నాను. ఎక్కడా నొప్పి లేదు. నూనె రాద్దామనుకున్నాను కానీ చేతులు కదలలేదు. ఆ చిన్న వీపు కింద నా అరచేతులు ఉన్నాయి. అది ముక్కు ముడిచి, నోరు తెరిచి, ఏడవాలా వద్దా అని ఆలోచిస్తోంది. ఇచ్చినవాడికి ఏమని చెప్పాలో మళ్ళీ నాకు తోచలేదు.

"అమ్మా, నీళ్ళు సల్లగైతున్నయే" అని కసిరింది మా అమ్మాయి. చెంబు ముంచి మొదటి నీళ్ళు పోశాను.